ఒక్క ఊపిరి సేపు

"చక్కెర..." అంది ఆమె, టీ కప్పు అతని చేతికిస్తూ.

"సరిపోయింది, సరిపోయింది. అమృతం," అన్నాడు అతను, కప్పు ఇంకా పెదవులకి తగలకుండానే.

చక్కెర నిండుకుంది, సాయంత్రం వచ్చేటప్పుడు తెమ్మని చెప్పబోయింది ఆమె. చెప్పలేదు. కిటికీ దగ్గర నిలబడి టీ ఊదుకుంటున్న మొగుణ్ణి చూస్తూ ఉండిపోయింది. పెళ్లయి ఇంకా ఏడాది తిరగలేదు. అతని తడిజుట్టు నెత్తిమీద ఒక పక్కకి లేచి నిలబడి ఉంది, చొక్కా గుండీలు ఒకదానికి బదులు ఒకటి పెట్టుకున్నాడు. ఆ రెండూ కనిపిస్తే చాలు, ఆమెకి పొద్దున్నే కడుపు నిండిపోతుంది. గుండీలు సరిచేయడానికి దగ్గరికి వెళ్లింది. తను వచ్చి సరిచేస్తుందని అతను కావాలనే తప్పుగా పెట్టుకుంటాడేమోనని ఆమెకి చాన్నాళ్లుగా అనుమానం. ఆ అనుమానాన్ని ఎవరితోనూ చెప్పుకోలేదు. బుగ్గన పెట్టుకున్న చాక్లెట్టు బిళ్లలా చప్పరిస్తూ దాచుకుంది.

సాయంత్రం అతను చేతులూపుకుంటూ వచ్చాడు. మర్నాడు ఇంటిల్లిపాదీ చప్పటి టీ తాగారు. "డబ్బా అడుగు కనిపించేదాకా చూసుకోకపోతే ఎలా అమ్మాయ్," అన్నారు మామగారు పేపరు వెనకనుంచి. "చెప్తే తెచ్చేవాణ్ణి కదా," అన్నాడు మొగుడు. చెప్పబోయానని చెప్పబోయింది. "మర్చిపోయుంటావులే," అన్నాడు ముద్దుగా, ఆమె చెవి లాగి.

కోపం రాలేదు. నిజం చెప్పాలంటే మొదట్లో ఆ అలవాటు చూసే ఆమె అతని మీద మనసు పారేసుకుంది. తన మాట పూర్తికాకముందే పూర్తి చేసేవాడంటే, తన మనసులోకి తలుపు తట్టకుండా వచ్చేసేవాడే కదా అనుకుంది. మొదటిసారి కలుసుకున్నది ఒక కాఫీ హోటల్లో. పెద్దవాళ్లు అవతలి బల్ల దగ్గర కూర్చుని, చూడనట్టు చూస్తున్నారు. గోడ మీద పెద్ద సముద్రం బొమ్మ. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని ఆమే మొదలుపెట్టింది. "నాకు సముద్రం అంటే..."

"పిచ్చి కదూ? మీ కళ్లు చూడగానే అనుకున్నాను," అన్నాడు అతను.

భయం అని చెప్పబోయింది ఆమె. చిన్నప్పుడు ఒక అల కాళ్ల కింద ఇసకని లాగేసి బోర్లా పడేసింది. నోటినిండా ఉప్పు, చెవుల్లో హోరు, ఎవరిదో చెయ్యి జుట్టు పట్టుకుని పైకి లాగేదాకా చీకటి. అప్పట్నుంచి గుక్కెడు ఉప్పునీళ్లు గొంతులో ఇంకా ఉన్నట్టే ఉంటుంది. కానీ మీ కళ్లు చూడగానే అన్నవాడితో భయం అని ఎలా అనడం. నవ్వేసింది. పెళ్లయ్యాక అతను ఆమెని తీసుకెళ్లింది ఇంకెక్కడికి, సముద్రానికే. బాల్కనీలోంచి అలలు కనిపించే గది తీసుకున్నాడు. ఫొటోల్లో ఆమె నవ్వుతూనే ఉంది. కాస్త జాగ్రత్తగా చూస్తే కుడిచేయి పిడికిలి బిగిసి ఉంటుంది, ఎవరూ అంత జాగ్రత్తగా చూడరు. వింతేమిటంటే, తిరిగి వచ్చే రోజుకి తనకి సముద్రం కొంచెం ఇష్టమేమో అని ఆమెకే అనిపించడం మొదలైంది. అక్కడే ఆమె ఉలిక్కిపడింది. అతను పూర్తి చేసిన మాటలన్నీ మెల్లమెల్లగా తన మాటలైపోతున్నాయి. తను చెప్పబోయినవి ఎక్కడికి పోతున్నట్టు?

ఎక్కడికి పోతాయో చూపించడానికన్నట్టు ఇంట్లోనే అత్తగారు ఉన్నారు.

మామగారు బస్సు డిపోలో టైమ్‌కీపరుగా చేసి రిటైరయ్యారు. అత్తగారి మాట ఇంకా నోట్లోంచి బయల్దేరకముందే, అది ఏ ఊరు వెళ్లాలో ఆయనే చెప్పి పంపించేస్తారు. అన్నేళ్లు విని విని ఆవిడ మాటల చివర్లు రాలిపోయాయి. "ఇవాళ కాస్త నడుము..." అంటారు, ఆగిపోతారు. "ఆ కుర్చీ అక్కణ్ణుంచి..." అంటారు, తనే జరుపుకుంటారు. ఒకసారి టీవీలో ఎక్కడో వరదలొచ్చి జనం పడవల్లో వెళ్తుంటే, చేతిలో పని ఆపి, "నేనూ అప్పట్లో..." అన్నారు. "అప్పట్లో మీ అత్తయ్యకి నీళ్లగ్లాసు చూసినా భయమే," అని మామగారు నవ్వారు. ఆవిడా నవ్వారు. నవ్వుతూ వంటింట్లోకి వెళ్లిపోయారు. ఆ నవ్వు కోడలికి బాగా తెలిసిన నవ్వే. ఫొటోల్లో చూసిందే.

ఆ ఇంట్లో ఆమె రోజు అందరికంటే ముందు మొదలవుతుంది. టీ, మామగారి వేడినీళ్లు, మధ్యాహ్నానికి డబ్బాలు, నానబెట్టాల్సినవి, ఉతకాల్సినవి. అత్తగారు ఒక చెయ్యి వేస్తారు, మగవాళ్లిద్దరూ మాట సాయం చేస్తారు. "ఇద్దరిదీ ఉద్యోగమే అనుకో, కానీ నీది కూర్చుని చేసే పని కదా," అంటాడు మొగుడు. అతనిదీ కూర్చుని చేసే పనే. అయినా అతను సాయంత్రం షూ విప్పుకుంటూ పైకి చూసి నవ్వితే చాలు, ఆమె అలసట ఎక్కడికో పోతుంది. గది తలుపు మూస్తే నువ్వు, తీస్తే మీరు. ఆ గడప దాటేటప్పుడు పిలుపు మార్చుకోవడం ఆమెకి దొంగాటంత సరదా. ఇన్ని సరదాల మధ్య ఈ లోటేమిటో ఆమెకి అంతుచిక్కేది కాదు. పక్కనే ఉన్న మనిషి మీద బెంగపెట్టుకునేవాళ్లు ఉంటారా? ఆమెకి ఉండేది. అతని భుజం మీద తల పెట్టుకుని, అతని కోసమే బెంగగా ఉండేది.

అది ఏ బెంగో ఆఫీసు వల్ల తెలిసింది.

ఆమెది పేర్లూ చిరునామాలూ దిద్దే ప్రభుత్వ కార్యాలయం. పుట్టినవాళ్లని చేర్చడం, ఇల్లు మారినవాళ్లని మార్చడం, పోయినవాళ్లని తీసేయడం. హాలుకి అడ్డంగా ఒక అద్దం, అద్దానికి ఛాతీ ఎత్తున చిన్న కంత. మాట్లాడాలంటే పొడుగువాళ్లైనా పొట్టివాళ్లైనా దాని ముందు వంగాల్సిందే. లోపల కూర్చున్నవాళ్లకి నెత్తీ నుదురూ తప్ప మనిషి కనిపించేవాడు కాదు. ఒకరోజు సూపరింటెండెంటుగారు అందర్నీ పిలిచి చెప్పారు. "పైనుంచి ఆర్డరొచ్చింది. జనానికి మన దగ్గర హాయిగా ఉండాలట. ముందు మన ఆఫీసులో, ఒక్క కౌంటర్లో చేసి చూస్తారట. బాగుంటే అన్ని ఊళ్లకీ పెడతారు, బాగోకపోతే మన పేరు చెప్పుకుని ఎత్తేస్తారు." తర్వాత ఆమె వైపు తిరిగారు. "ఆడపిల్లవి, నవ్వడం వచ్చు. నువ్వు కూర్చో అమ్మా."

పాత రికార్డులో తప్పెక్కడుందో పట్టుకోవడంలో ఆ ఆఫీసులో ఆమెని మించినవాళ్లు లేరు. ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు, నవ్వు గుర్తొచ్చింది. పక్క సీటులో ఉండే గుమాస్తా, చొక్కా ఎప్పుడూ టక్ చేసుకుని ఉంటాడని అందరూ టక్కుబాబు అంటారు, కుర్చీలోనే వెనక్కి వాలి, "మేడమ్, నవ్వుల కౌంటర్‌కి శుభాకాంక్షలు. మాకూ అప్పుడప్పుడు ఓ నవ్వు పారెయ్యండి," అన్నాడు.

అద్దం తీసేశారు. బల్ల ఎత్తు తగ్గించారు. వచ్చినవాళ్లకి ఎదురుగా కాకుండా పక్కన కుర్చీ వేశారు, కంప్యూటరు తెర ఇద్దరికీ కనిపించేలా తిప్పారు. ఇదంతా నేర్పడానికి ఒక ట్రైనర్ మేడమ్ వచ్చారు. గొంతు బొంగురుపోయి ఫ్లాస్కులోంచి వేడినీళ్లు తాగుతూ మాట్లాడే లావుపాటి ఆవిడ. నవ్వడం గురించి ఒక్క ముక్క చెప్పలేదు. "నవ్వితే నవ్వండి, లేకపోతే మానండి. ఏ పని మీద వచ్చారో అడగండి. చెప్పనివ్వండి. మధ్యలో అందుకోవద్దు, మీకు తెలిసిపోయినా సరే. వాళ్లు చెప్పడం ఆపాక ఒక్క ఊపిరి సేపు ఆగండి. మొదట చెప్పేది ఇంటి దగ్గర్నుంచి బట్టీపట్టి తెచ్చుకున్న మాట. ఆ ఊపిరి తర్వాత వచ్చేదే అసలు పని."

టక్కుబాబు చెయ్యెత్తాడు. "ఊపిరి తర్వాత కూడా ఏం రాకపోతే మేడమ్?"

"ఇంకేమైనా ఉందా అండీ అని అడిగి, ఇంకో ఊపిరి పీల్చుకోండి. ఊరికే వస్తుంది కదా గాలి," అందావిడ.

మొదటి వారంలోనే ఒక పెద్దావిడ వచ్చింది. చెప్పుల చప్పుడు కూడా కాకుండా నడిచి కుర్చీ అంచున కూర్చుంది. "మా ఆయన పోయారు. పేరు తీసేయాలంట," అంది. అద్దం ఉన్న రోజుల్లో అయితే పేరు చెప్పండి, అయిపోయింది, తర్వాతవాళ్లు రండి. ఆమె ఊపిరి పీల్చుకుని ఆగింది. ఫ్యాను తిరిగే చప్పుడు వినిపించింది. పెద్దావిడ తెర మీద ఆయన పేరూ తన పేరూ ఒకదాని కింద ఒకటి ఉండటం చూస్తూ, "తీసేయకుండా... అక్కడే ఉంచే వీలు ఏమన్నా ఉందా తల్లీ?" అంది.

ఉంది. పేరు అక్కడే ఉంచి, పక్కన మరణించినట్టు రాయొచ్చు. నిబంధనల్లో ఎప్పట్నుంచో ఉంది. అడిగినవాళ్లు లేరు కాబట్టి చేసినవాళ్లు లేరు. అడగడానికి ఎవరూ ఆగనివ్వలేదు అంతే. ఆమె రాసి చూపించింది. పెద్దావిడ తెరని వేలితో ముట్టుకుని, "పక్కనే ఉన్నారు," అని వెళ్లిపోయింది. ఆ రోజు ఆమె బస్సులో ఇంటికి వస్తూ ఊరికే నవ్వుకుంటూ ఉంది. పక్క సీటు పిల్లకి తన రిబ్బన్ చూసి నవ్వుతోందనిపించి తనూ నవ్వింది.

ఆ విద్యని ఇంటికీ పట్టుకొచ్చింది. బాల్కనీలో ఆరిన బట్టలు మడతపెడుతూ, "ఇవాళ ఎలా ఉంది?" అని అడిగింది మొగుణ్ణి.

"మా మేనేజరు ఒట్టి మూర్ఖుడు," అన్నాడు అతను.

ఆమె ఊపిరి పీల్చుకుని, దిండుగలీబు అంచులు కలుపుతూ ఆగింది. అతను రెయిలింగు మీద గోటితో రంగు గీకాడు. "మూర్ఖుడేం కాదులే. నాకే ఆ పని చేతకాదేమోనని... ఎవరైనా కనిపెట్టేస్తారేమోనని రోజూ భయం," అన్నాడు.

ఇన్ని నెలల్లో అతను ఆ మాట అనలేదు. ఆమెకి అతన్ని బట్టలతో పాటు ఒళ్లోకి తీసుకోవాలనిపించింది. ఆ తర్వాత రోజూ ఒక ఊపిరి, రోజూ ఒక కొత్త మాట. చిన్నప్పుడు నాన్న డిపోలో తప్పిపోయి బస్సు కింద దాక్కోవడం, పాట నేర్చుకోవాలనుకుని మానేయడం, చీకటి వరండాలో ఇప్పటికీ అడుగు తొందరగా వేయడం. "నీతో మాట్లాడితే ఎంత హాయిగా ఉంటుందో తెలుసా," అనేవాడు. తెలుసు. ఆఫీసులో ఆమె పక్క కుర్చీలోంచి రోజూ ఎంతమంది అలా హాయిగా లేచి వెళ్తున్నారో. అతను నిద్రలోకి జారుకున్నాక ఆమెకి అర్థమైంది ఆ బెంగేమిటో. అతను ఆమెకి రోజురోజుకీ దొరుకుతున్నాడు. అతనికి తను దొరకలేదు. తన పక్కన ఒక కుర్చీ వేసి, ఏ పని మీద వచ్చావు అని అడిగి, ఒక్క ఊపిరి సేపు ఆగే మనిషి ఆమెకి కావాలి. ఇంకెవరో వద్దు. ఇతనే కావాలి. అదే చిక్కు.

చూడగా చూడగా కౌంటరు పేరు నలుగురికీ తెలిసింది. జనం చిన్న వరసలున్న కౌంటర్లు వదిలేసి ఆమె ముందు నిలబడేవాళ్లు. ఒకసారి వచ్చినవాళ్లు అదే పనికి మళ్లీ రావాల్సిన అవసరం తప్పిపోయింది. పైనుంచి ఆఫీసరు వచ్చి ఒక మూల కూర్చుని చూసి, "ఇది అన్ని ఊళ్లలోనూ పెడుతున్నాం. ఒక్కో ఆఫీసుకీ వెళ్లి కొన్నాళ్లుండి నేర్పే మనిషి కావాలి. వానాకాలం దాకా పని. ఈమె రాగలరా?" అని అడిగాడు.

"కొత్తగా పెళ్లైన పిల్ల సార్, ఎక్కడ వస్తుంది," అన్నారు సూపరింటెండెంటుగారు.

"నేనున్నాను కదండీ," అన్నాడు టక్కుబాబు, చొక్కా ఇంకాస్త లోపలికి దోపుకుని.

ఆఫీసరు ఆమెనే చూశాడు. "సోమవారం చెప్పండి. మీరు రాకపోతే ఆయన్ని పంపుదాం," అన్నాడు. ఆమె నోరు తెరిచేలోపు ముగ్గురూ టీకి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం ఇంట్లో, "మా ఆఫీసులో నన్ను..." అని మొదలుపెట్టింది.

"వేరే ఊళ్లు పంపిస్తామన్నారా? అన్ని ఊళ్లకీ పెడతారన్నావుగా, నువ్వంత బాగా చేస్తుంటే అడగరా మరి. రానని చెప్పేసుంటావు. నిన్ను వదిలి నేనుండగలనా, నన్ను వదిలి నువ్వుండగలవా," అని నుదుటి మీద ముద్దు పెట్టాడు. హాల్లోంచి మామగారు, "ఊళ్లు పట్టుకు తిరిగే ఉద్యోగం ఎంత కష్టమో డ్రైవర్లని అడగమను," అన్నారు. అందరూ ఎంత ప్రేమగా అన్నారంటే, తను చెప్పబోయింది కూడా అదేనేమో అనుకుంది ఆమె. నిజమే, ఉండలేను కదా, అనుకుంది. గిన్నెలు తోముతూ మళ్లీ మళ్లీ అనుకుంది. సముద్రం కూడా ఇలాగే ఇష్టమైందని గుర్తొచ్చి, చేతిలో గిన్నె జారి సింకులో పడింది.

శనివారం ట్రైనర్ మేడమ్ ఆఖరి పాఠం. దానికి 'అవతలి పక్క రోజు' అని పేరు పెట్టింది ఆవిడ. ఆఫీసులో ప్రతి ఒక్కరూ వంతులవారీగా బయటికి వెళ్లి, ముందు గుమ్మంలోంచి లోపలికి వచ్చి, వరసలో నిలబడి, తమ సొంత పని ఒకటి చేయించుకోవాలి. సూపరింటెండెంటుగారు అలవాటు కొద్దీ వెనక తలుపులోంచి రాబోతే వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు. "వరసలో రండి సార్, మేడమ్‌గారి ఆర్డరు," అన్నాడు, ఉద్యోగంలో చేరాక ఇంత సంతోషంగా ఎప్పుడూ లేనట్టు.

ఆమెకి చిరునామా మార్పు ఉండిపోయింది. కాగితాల్లో ఆమె ఇంకా పుట్టింట్లోనే ఉంది. వరసలో నిలబడింది. ముందున్న ముసలాయన వీపు, వెనకున్న పిల్లతల్లి జోలపాట, నేలమీద అరిగిపోయిన పసుపు గీత. రోజూ చూసే హాలే, ఇటునుంచి చూస్తే ఎంత పెద్దదో. ఆమె వంతు వచ్చింది. ఆమె కుర్చీలో టక్కుబాబు కూర్చుని ఉన్నాడు. ఆమె పక్క కుర్చీలో కూర్చుంది.

"ఏ పని మీద వచ్చారండీ?" అన్నాడు, బళ్లో పద్యం అప్పజెప్పినట్టు.

"అడ్రసు మార్పు," అంది ఆమె. "మా అమ్మావాళ్ల ఇంటి నుంచి..." ఆగింది. అలవాటుగా ఆగింది, అవతలివాళ్లు అందుకోవడానికి. ఎవరూ అందుకోలేదు. టక్కుబాబు కళ్లు పెద్దవి చేసుకుని, రొమ్ము నిండా గాలి పీల్చుకుని, ట్రైనర్ మేడమ్ చూస్తోందన్న భయంతో బిగబట్టి కూర్చున్నాడు. చొక్కా గుండీ తెగిపోయేలా ఉంది. ఫ్యాను తిరుగుతోంది. అంత ఖాళీ ఆమె ముందు ఎవరూ ఎప్పుడూ పరవలేదు. ఆ ఖాళీలో కాలు పెడితే కింద ఇసక జారుతుందేమో అనిపించింది. జారలేదు.

"నాకు వెళ్లాలని ఉంది," అంది.

తన గొంతు తనకే వినిపించింది. టక్కుబాబు మొహంలో రంగులు మారాయి. అది తనకి రావాల్సిన ప్రయాణమని అతనికి తెలుసు, మధ్యలో మాట్లాడకూడదనీ తెలుసు. మూలనున్న ట్రైనర్ మేడమ్ ఫ్లాస్కు మూత తిప్పడం ఆపింది. పాపం, చివరికి నియమం ప్రకారమే అడిగాడు అతను. "ఇంకేమైనా... ఉందా అండీ?"

"ఊళ్లు చూడాలని ఉంది. ఎక్కడో ఒక గదిలో నా ఒక్కదానికి టీ పెట్టుకోవాలని ఉంది. మా ఆయన మీద బెంగపెట్టుకోవాలని ఉంది, దూరంగా ఉండి, అసలు బెంగ." కళ్లల్లోంచి నీళ్లు వస్తున్నాయని బల్ల మీద పడ్డాకే తెలిసింది. వెనక పిల్లతల్లి కొంగో చేతిరుమాలో ఏదో ఒకటి అందించింది. టక్కుబాబు తెరవైపు తిరిగి కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత మెల్లగా, "అడ్రసు మాత్రం మార్చేస్తానండీ మరి," అన్నాడు. ఆమెకి ఏడుపులోనే నవ్వొచ్చింది. మొదటిసారి అతనూ నవ్వాడు, వెక్కిరింత లేకుండా.

ఆదివారం మధ్యాహ్నం వంటింట్లో అత్తగారూ ఆమే చిక్కుళ్లు ఈనెలు తీస్తూ కూర్చున్నారు. ఏ కొత్త పనైనా ముందు ఒక్క చోట చేసి చూడాలి కదా. ఆమె అడిగింది. "అత్తయ్యా, ఆ రోజు టీవీ చూస్తూ నేనూ అప్పట్లో అన్నారు. అప్పట్లో ఏంటి?"

"ఏముంది, ఊరికే..." అన్నారావిడ.

ఆమె ఊపిరి పీల్చుకుంది. ఒక చిక్కుడుకాయ తుంచింది. ఇంకొకటి తుంచలేదు.

"పడవ నడిపేదాన్ని," అన్నారు అత్తగారు.

ఆమె చేతిలో కాయ చేతిలోనే ఉంది.

"మా నాన్నది రేవు పడవ. ఆయనకి జ్వరం వస్తే నేనే ఏరు దాటించేదాన్ని జనాన్ని. పెళ్లివాళ్లని దాటించాను, పురిటికి వెళ్లే మనిషిని దాటించాను. ఒకసారి మేకలు. అన్నీ ఒకే పక్కకి చేరిపోతాయి వెధవలు." ఆవిడ చేతులు తెలియకుండానే తెడ్డు పట్టుకున్నాయి. "పెళ్లైన కొత్తలో మా ఊరు వెళ్దామన్నప్పుడు మీ మామయ్యతో, నేను పడవ... అన్నాను. భయమా, సరే బస్సులో వెళ్దాంలే అన్నారు. ఎంత ప్రేమగా అన్నారో. అప్పట్నుంచీ అంత దూరం చుట్టూ తిరిగి బస్సులోనే. ఇప్పుడు వంతెన కూడా వచ్చేసిందిలే. పడవలు..." ఆగారు. ఈసారి తనే పూర్తి చేశారు. "పడవలు ఒడ్డున బోర్లించేశారు."

చిక్కుళ్ల పళ్లెం మీదుగా కోడలు ఆవిడ అరచేతులు చూసింది. బొటనవేళ్ల మొదట్లో గట్టిగా, నున్నగా ఉన్న చోట్లు. ఇన్నాళ్లూ అవి చీపురు వల్ల వచ్చినవనుకుంది.

"ఇంకేమైనా ఉందా అత్తయ్యా?"

"ఉంది. నువ్వు ఈ రెండ్రోజుల నుంచీ ఏదో..." అని ఆవిడ ఆమె మొహంలోకి చూశారు. అందుకోలేదు. ఆగారు.

ఆమె చెప్పింది. మొత్తం చెప్పింది. అత్తగారు వెళ్లమనీ అనలేదు, వద్దనీ అనలేదు. పళ్లెం తీసుకుని లేచి, "అన్నాలకి పిలువు వాళ్లని," అన్నారు.

ముగ్గురూ కూర్చున్నారు. వడ్డించి ఆమె కూడా కూర్చుంది. మొగుడు చిక్కుడుకాయ కూర బాగుందని కళ్లతోనే చెప్పాడు. చొక్కా గుండీ ఇవాళ కూడా తప్పే. ఆమె ఈసారి సరిచేయడానికి లేవలేదు.

"రేపు సోమవారం. ఆఫీసులో నేను..."

"రానని చెప్పాలి, అదే కదా. మొహమాటంగా ఉంటే నేను ఫోన్ చేసి చెప్..."

"ఆగరా," అన్నారు అత్తగారు.

ఆవిడ గొంతు పెంచలేదు. కానీ ఆ ఇంట్లో ఆ గొంతు ఆ చోటునుంచి ఎప్పుడూ రాలేదు. మామగారి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఆ పిల్ల చెప్పడం ఇంకా అవలేదు."

"ఏంటే నువ్వు కూడా..." అని మామగారు మొదలుపెట్టారు. భార్య తనవైపే చూస్తూ ఉండటం చూసి, మొదటిసారి ఆయన మాటకే చివర రాలిపోయింది.

బల్ల మీద ఖాళీ పరుచుకుంది. కోడలు అందులోకి అడుగుపెట్టింది.

"నేను వెళ్తానని చెప్తున్నాను. వానాకాలం దాకా. మీరు లేకుండా ఉండగలనా అంటే, ఉండలేను. బెంగపెట్టుకుంటాను. అయినా వెళ్తాను. నాకు వెళ్లాలని ఉంది కాబట్టి వెళ్తాను." ఊపిరి పీల్చుకుంది. అంతటితో అయిపోయిందనుకుంది. అవలేదు. గొంతులో ఎప్పట్నుంచో ఉన్న గుక్కెడు ఉప్పునీళ్లు పైకి వచ్చాయి. "ఇంకొకటి. నాకు సముద్రం అంటే భయం."

అతను నోరు తెరిచాడు. అలవాటుగా ఏదో రావాల్సింది అక్కడికి, అబ్బే అనో, ఊరుకో అనో, జోక్ చేస్తున్నావు కదూ అనో. రాలేదు. అతను గోడకి తగిలించిన ఫొటో వైపు తిరిగాడు. అలల ముందు నిలబడి నవ్వుతున్న తన పెళ్లాన్ని, ఆమె మొహం నుంచి మెల్లగా కిందికి, కుడిచేతి పిడికిలి దాకా చూశాడు. అక్కడే ఉండిపోయాడు. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్లారు.

"ఎప్పట్నుంచి?" అని అడిగాడు.

దానికి జవాబు అతని దగ్గర లేదు. లేదని అతనికి తెలిసినట్టు, అడిగి ఆగాడు. ఆమె లేచి, బల్లకి అవతలి పక్క ఉన్న తన కుర్చీని అతని పక్కకి తెచ్చుకుని, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.